నాలుగు దుప్పట్ల దూరం

సువర్చల టీచరు సర్కారువారిని అడిగింది ఒకే ఒక్క సినిమా. అది వాళ్ళు తియ్యనక్కర్లేదు, కొననక్కర్లేదు, చూడనక్కర్లేదు. మా బడిలో మా పిల్లలకి చూపించుకుంటాం, సరే అనండి చాలు అంది. అడక్కుండా చూపించేస్తే గంటన్నరలో అయిపోయేది. అడిగింది కాబట్టి జిల్లా అంతా కదిలింది.

పాతకాలువపాలెం ప్రాథమికోన్నత పాఠశాల గోదావరి లంకల అంచున ఉంది. ఎనిమిదో తరగతి వరకూ బడి. అక్కడ టీచరు సువర్చలే, ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్ సువర్చలే. ఆరో తరగతిలో పందొమ్మిది మంది పిల్లలు. వాళ్ళలో షకీరా, లక్ష్మీదీపిక, సత్తిపండు అనే ముగ్గురు ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఒకరికి జ్వరమొస్తే ముగ్గురూ బడి ఎగ్గొట్టే రకం.

ఆ మార్చిలో విలీనం ఉత్తర్వు వచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఈ బడిలో పై తరగతులు ఎత్తేస్తారట, పిల్లల్ని చుట్టుపక్కల హైస్కూళ్ళకి సర్దేస్తారట. ఎవరు ఏ బడికన్నది కంప్యూటరు తేలుస్తుంది. ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మానికి కాకి ఎగిరితే ఎంత దూరమో అదే లెక్క. ఆ లెక్కన షకీరాకి ఒక బడి, దీపికకి ఇంకో బడి పడ్డాయి. సత్తిపండుకి గోదావరి పాయకి అవతల ఉన్న బడి పడింది. కాకికి పడవ అక్కర్లేదు, సత్తిపండుకి కావాలి. ఈ సంగతి రాసి పంపితే, 'కాకి దూరమే ప్రామాణికము' అని జవాబొచ్చింది.

ఈ కబురు పిల్లలకి చెబుదామని సువర్చల రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ హాజరు పిలిచి ఊరుకుంది. ఆవిడకి ఏడుపు తొందర. అప్పుడే రాజమండ్రిలో ఓ ఫిలిం క్లబ్బువాళ్ళు ఆవిడకి ఒక జపాను బొమ్మల సినిమా అరువిచ్చారు. అందులో ముగ్గురు స్నేహితులు చాకలి కొట్టు పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి నడుస్తూ నడుస్తూ, నాలుగో దుప్పటి దాటేసరికి ఇంకో లోకంలో తేలతారు. సమాంతర లోకం. అక్కడ వాన నేల మీంచి ఆకాశానికి కురుస్తుంది. కనుచూపు దాటిన మనిషి పేరు అక్కడ ఎవరికీ గుర్తుండదు. అందుకని ఆ ముగ్గురూ ఒకరి చొక్కా అంచు ఒకరు వదలకుండా పట్టుకుని తిరుగుతారు. ఇది చూస్తే తను చెప్పలేని మాట పిల్లలకి అదే అర్థమవుతుందని సువర్చల ఆశ. బడి ఏప్రిల్ ఇరవై మూడున మూసేస్తారు. ఈలోపు చూపించాలి.

పాఠం కానిది ఏది చెయ్యాలన్నా 'బాలవిహారి' అనే పోర్టల్లో అర్జీ పెట్టుకోవాలని ఆ ఏడాదే కొత్త నిబంధన పెట్టారు. సువర్చల తెరిచింది. ఏం చేస్తారో ఎంచుకోమంది. విహారయాత్ర, ఆటల పోటీ, వనభోజనం, సంతాప సభ, ఇతరములు. సినిమా లేదు. ఇతరములు నొక్కితే 'ఈ సేవ త్వరలో' అంది. త్వరలో అంటే ఎప్పుడో ఆవిడకి ముప్ఫై మూడేళ్ళ వయసులోనే తెలుసు కనక విహారయాత్ర నొక్కింది. వెంటనే గమ్యస్థానం అడిగింది. ఖాళీగా వదిలితే ఎర్రబడి అరుస్తోంది. 'సమాంతర లోకం, అంటే సినిమాలోది, బడిలోనే కూర్చుని చూస్తాం' అని రాసింది. ఆ గడిలో రెండు మాటలే పడతాయట. 'సమాంతర లోకం' వరకూ ఉంచుకుని మిగతాది మింగేసి, దరఖాస్తు స్వీకరించడమైనదని పోర్టల్ చప్పట్లు కొట్టింది.

నాలుగో రోజున జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం దిగింది.

'తమరి దరఖాస్తు పరిశీలించడమైనది. తాము ప్రతిపాదించిన సమాంతర లోకమునకు పాఠశాల నుండి గల దూరము కిలోమీటర్లలో తెలుపలేదు. సదరు లోకము ఏ మండల పరిధిలోనిది? అచ్చట త్రాగునీరు, మరుగుదొడ్లు కలవా? వెంట వెళ్ళు మహిళా సహాయకురాలి పేరేమి? మూడు దినములలో వివరణ సమర్పించవలెను. లేనిచో చెప్పుకొనుటకు తమవద్ద ఏమియు లేదని భావించబడును.'

సువర్చల ఆ కాగితం పట్టుకుని మండల విద్యాధికారి వెంకటరత్నం దగ్గరికి పరిగెత్తింది. వెంకటరత్నం మంచివాడే. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఏ కాగితం మీదా 'తెలియదు' అని రాసి ఎరగడు.

"సార్, ఇది సినిమా అండి. యాత్ర కాదండి."

"నాకు తెలుసమ్మా. మీకూ తెలుసు. ఫైలుకి తెలీదు కదా."

"ఫైలుకి చెబుదామండి."

"చెబితే, మరి ఇన్నాళ్ళూ దేని గురించి ఉత్తరాలు రాసుకున్నారూ అంటారు. రద్దు చేసుకుని మళ్ళీ వేద్దామా అంటే, రద్దు అర్జీకి నలభై అయిదు రోజులు పడుతుంది. మీకు సినిమా కావాలా, నిజం కావాలా?"

సువర్చల ఆలోచించింది. "సినిమానే కావాలండి."

"అయితే దూరమెంతో రాయండి, నేను పైకి పంపేస్తాను."

అబద్ధం రాయడం సువర్చలకి చేతకాదు. అందుకని ఇంటికెళ్ళి సినిమా ఇంకోసారి చూసి ఉన్నదున్నట్టు రాసింది. దూరం: నాలుగు దుప్పట్లు. పరిధి: ఎవరి పరిధిలోనూ లేదు. త్రాగునీరు: కలదు, కింది నుంచి పైకి. మరుగుదొడ్లు: చూపించలేదు. మహిళా సహాయకురాలు: నేనే.

జిల్లావాళ్ళు దీన్ని చెత్తబుట్టలో వేస్తారనుకుంది. వెయ్యలేదు. వారంలో లెక్క కట్టి పంపారు. దుప్పటి సగటు పొడవు ఏడున్నర అడుగులు, అవి నాలుగు, మొత్తం సున్నా పాయింటు సున్నా సున్నా తొమ్మిది కిలోమీటర్లు. 'దూరము ఎనిమిది కిలోమీటర్లలోపు అయినందున బస్సు ఫిట్‌నెస్ ధ్రువపత్రము నుండి మినహాయింపు ఇవ్వడమైనది' అని ఉంది అందులో. సువర్చల ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, మంచినీళ్ళు తాగి, నాలుగోసారి చదివింది.

ఈ విషయం మీద జిల్లా ఉపసంచాలకులు అనంతపద్మనాభం గారు వీడియో సమావేశం పెట్టారు. అనంతపద్మనాభం గారు మార్గదర్శకాలు అనే మాట లేకుండా దాహం వేస్తోందని కూడా చెప్పలేరు. వెంకటరత్నం పక్కన కుర్చీలో కూర్చుని సువర్చల కూడా విన్నది.

"ఎవరి పరిధిలోనూ లేదని రాశారు. ఇది చాలా తీవ్రమైన విషయం. ఎవరి పరిధిలోనూ లేని స్థలం ఉండటానికి మార్గదర్శకాలు ఒప్పుకోవు," అన్నారు అనంతపద్మనాభం గారు.

"మన పరిధిలో కలిపేసుకుంటే సరిపోద్దేమోనండి," అన్నాడు వెంకటరత్నం, నోరు ఊరుకోక.

"మంచి సూచన. కానీ ఇప్పుడు హద్దులు మార్చకూడదు. జనగణన తరువాత చూద్దాం."

గణితం పర్యవేక్షకుడొకాయన తెర మూలనుంచి చెయ్యెత్తాడు. "సార్, సమాంతరం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. సమాంతర రేఖలు ఎక్కడా కలవవు. మరి పిల్లలు తిరిగెలా వస్తారండి?"

అనంతపద్మనాభం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందు వెళ్ళనివ్వండి. తిరుగు ప్రయాణం విడిగా పరిశీలిద్దాం. అది ఈ ఫైలు కాదు."

ఆ తరువాత ఆరోగ్య శాఖవాళ్ళు వచ్చి, కొత్త ప్రాంతానికి వెళ్ళేవాళ్ళు కదా అని పందొమ్మిది మందికీ టీకాలు పొడిచారు. "సినిమా చూడ్డానికి సూదేంటండీ?" అని సత్తిపండు జబ్బ పట్టుకుని ఏడ్చాడు. పక్క ఊళ్ళో ప్రైవేటు స్కూలువాళ్ళు ఈ వార్త ఎక్కడ విన్నారో, 'సమాంతర లోకానికి తొలి ఏసీ బ్యాచ్ మాదే' అని రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టించారు. అడ్మిషన్లు బాగా వచ్చాయట.

ఏప్రిల్ పన్నెండున అనుమతి వచ్చింది, షరతులతో సహా. పిల్లలు అచ్చటి జలాశయములలో దిగరాదు. స్థానికుల మనోభావములను గౌరవించవలెను. ఉపాధ్యాయురాలి లిఖితపూర్వక అనుమతి లేనిదే రాక్షసులతో పోరాడరాదు. కింద అనంతపద్మనాభం గారి సంతకం, గుండ్రంగా, తృప్తిగా ఉంది.

ఆ శనివారం ఉదయం పది గంటలకి వెంకటరత్నం పచ్చజెండా పట్టుకుని బడికి వచ్చాడు. యాత్ర కదా, జెండా ఊపాలి. తరగతి గది కిటికీలకి సువర్చల వాళ్ళింటి దుప్పట్లే కట్టి చీకటి చేసింది. ఆయన గుమ్మంలో నిలబడి జెండా ఊపాడు. పిల్లలు బ్యాగులు తగిలించుకుని, వరసగా, కారిడార్లోంచి గదిలోకి ప్రయాణమయ్యారు. ప్రయాణం పదహారు సెకన్లు పట్టింది. నిబంధన ప్రకారం సువర్చల తన ఫోన్లో 'యాత్ర మొదలైనది' నొక్కింది. ఒక్కొక్క మొహం ఫోటో తీసి ఎక్కించింది.

సినిమా మొదలైంది. మాటలు జపాను భాషలో వస్తుంటే సువర్చల పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. మొదట్లో కాసేపు పిల్లలు వాన పైకి పోతుంటే పడీపడీ నవ్వారు. తరువాత నవ్వు తగ్గింది. ముగ్గురిలో ఒకమ్మాయి మూల తిరిగి కనిపించకుండా పోయినప్పుడు, మిగిలిన ఇద్దరూ ఆమె పేరు కోసం నోళ్ళు తెరిచి, పేరు రాక, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. అక్కడ సువర్చల తెలుగు ఆగిపోయింది. చెప్పకపోయినా అందరికీ అర్థమైంది. సినిమా అయ్యాక ఆవిడ విలీనం సంగతి చెప్పేసింది, దుప్పట్లు విప్పకుండానే, ఆ చీకట్లోనే. ఎవరెవరు ఏ బడికో కాగితం చూసి చదివింది.

"మరి మా పేర్లు మర్చిపోతారాండీ వీళ్ళు?" అంది షకీరా.

వెనక బెంచీలో ఎవరో గట్టిగా ముక్కు చీదారు. చూస్తే వెంకటరత్నం. జెండా ఊపేసి వెళ్ళిపోయాడనుకున్న మనిషి, సినిమా అంతా అక్కడే కూర్చుని చూశాడు.

ఏప్రిల్ ఇరవై మూడు సాయంత్రం టీసీలు అచ్చు తియ్యాలి. సువర్చల నొక్కింది. ఒక్కటీ రాలేదు. 'సదరు విద్యార్థి ప్రయాణంలో ఉన్నారు. ప్రయాణంలో ఉన్నవారిని ఇతర పాఠశాలకు కేటాయించుట కుదరదు' అని పందొమ్మిది సార్లు చూపించింది. యాత్ర మొదలైందని నొక్కింది కానీ ముగిసిందని ఎవరూ నొక్కలేదు. ముగింపు గడి తెరిస్తే, తిరుగు నివేదిక కింద గమ్యస్థానపు స్థానిక అధికారి ముద్ర, సంతకం కావాలంది.

ఫోను మోగింది. వెంకటరత్నం. "అమ్మా, జిల్లాలో విలీనం నూటికి నూరు అయిందంట, మన పందొమ్మిది మందే తక్కువంట. ఏదో ఒక ముద్ర కొట్టి ఎక్కించెయ్యమంటున్నారు పైనుంచి. సహకార సంఘం ముద్రైనా పర్లేదంట."

సువర్చల ఫోను చెవి దగ్గర పెట్టుకుని గదిలోకి చూసింది. మూడో బెంచీ మీద సత్తిపండు బ్లేడుతో చెక్కిన మూడు పేర్లున్నాయి. దానికి ఆవిడే లోగడ రెండు దెబ్బలు వేసింది. ఉద్యోగం చేసిన పదేళ్ళలో ఆవిడ ఎన్నడూ ఒక్క మెమో అందుకున్న మనిషి కాదు.

"దొంగ ముద్ర ఎలా వేస్తానండీ?" అంది. "ఆ లోకం అధికారి ముద్ర కావాలని నిబంధన. నిబంధన తప్పమంటారా సార్?"

"అననమ్మా," అన్నాడు వెంకటరత్నం నెమ్మదిగా. "నేనెందుకంటాను? నిబంధన నిబంధనే కదా. అదే రాసి పంపుతాను."

జూన్‌లో బడి తెరిచారు. ఏడో తరగతి అనేది ఆ బడిలో లేదని కాగితం. ఏడో తరగతి పిల్లలు ఆ గదిలో ఉన్నారని వాస్తవం. కాగితం మీద వాళ్ళు ప్రయాణంలో ఉన్నారు కనక వాళ్ళకి పుస్తకాలు రాలేదు, మధ్యాహ్నం గుడ్డు రాలేదు. పాత పుస్తకాలు ఊళ్ళో అడిగి తెచ్చుకున్నారు. గుడ్ల సంగతి తల్లులు చూసుకున్నారు. "ఏ లోకంలో ఉన్నా ఆకలేస్తది కదండీ టీచరుగారూ, మా కోళ్ళకి పోర్టలు లేదులెండి," అంది సత్తిపండు తల్లి, గంప దించుతూ. పోర్టల్ మాత్రం ప్రతి సోమవారం 'విద్యార్థులు తిరిగి వచ్చారా?' అని అడిగేది. సువర్చల 'లేదు' నొక్కి, చాక్‌పీసు తీసుకుని తరగతికి వెళ్ళేది.

జూలై నెలలో అనంతపద్మనాభం గారు స్వయంగా ఆకస్మిక తనిఖీకి దిగారు. వెనక వెంకటరత్నం ఫైళ్ళ కట్ట మోసుకుంటూ వచ్చాడు. అనంతపద్మనాభం గారు చెప్పులతో సహా గడప దాటి గది మధ్యకి వచ్చి నిలబడ్డారు. పిల్లలు లేచి నమస్కారం పెట్టారు.

"వీళ్ళెవరు?"

"ఆ పందొమ్మిది మందేనండి," అంది సువర్చల.

"వాళ్ళు సమాంతర లోకంలో ఉన్నారు కదా?"

"ఆయ్, ఉత్తర్వులో అలాగే ఉందండి."

ఇక ఇప్పుడు తిడతారు, ఇప్పుడు సస్పెండు చేస్తారు, పిల్లల్ని ఇవాళే పంచేస్తారు అనుకుంది సువర్చల. కానీ ఆ ఉత్తర్వు మీద సంతకం అనంతపద్మనాభం గారిది. ఆయన సంతకం చేసినది తప్పయిన సందర్భం ఆయన సర్వీసులో లేదు. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు మార్గదర్శకాలు ధ్యానించారు.

"పిల్లలు సమాంతర లోకంలో ఉన్నారని నా ఉత్తర్వు చెబుతోంది. నా ఉత్తర్వు తప్పు కాదు. పిల్లలు ఈ గదిలో ఉన్నారని నా కళ్ళు చెబుతున్నాయి. నా కళ్ళూ తప్పు కాదు. కనుక ఈ గదే సమాంతర లోకం." కళ్ళు తెరిచారు. "ఇక్కడ ప్రస్తుతం హాజరుగా ఉన్న అధికారిని నేను. కనుక ఆ ముద్ర నేనే వేస్తాను. వెంకటరత్నం, తిరుగు నివేదిక ఇలా పట్రా."

జేబులోంచి ముద్ర తీశారు. మూత విప్పారు. అడ్డమైన తర్కమే అయినా ఎక్కడా బొక్క లేదు. ఒక్క ముద్ర పడితే సాయంత్రానికి టీసీలు అచ్చవుతాయి, రేపు సత్తిపండు పడవ ఎక్కుతాడు. మూడో బెంచీలో ముగ్గురూ ఒకరి చొక్కా అంచు ఒకరు పట్టుకుని ఉన్నారు. అది చూసేసరికి ఆవిడకి ఎక్కడలేని తెగువా వచ్చింది.

"సార్, చిన్న సందేహమండి," అంది. "తమరు ఈ లోకానికి ఎవరి అనుమతితో వచ్చారండి?"

ముద్ర గాల్లో ఆగింది.

"అంటే?"

"టూరు ప్రోగ్రాములో పాతకాలువపాలెం అనే ఉంటుంది కదండీ. ఇది పాతకాలువపాలెం కాదని తమరే తేల్చారు. పరిధి దాటాలంటే పై అధికారి ముందస్తు అనుమతి ఉండాలి కదండీ. పిల్లలకంటే తమరే ఇప్పించారు. టీచరుగా నా పేరూ అందులో ఉంది. తమరి పేరు లేదండి."

అనంతపద్మనాభం గారు వెంకటరత్నం కోసం చుట్టూ చూశారు. వెంకటరత్నం గడప అవతల, కారిడార్లో, రెండు పాదాలూ జాగ్రత్తగా దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నేను లోపలికి రాలేదండి," అన్నాడు వినయంగా. "అనుమతి లేదని ఆగిపోయానండి. అనుమతి లేకుండా లోకం దాటినవాళ్ళది గైర్హాజరు కింద రాయాలేమోనండి. సర్వీసు తెగుతుంది. పై ఏడాది తమరి పెన్షన్ కదండీ."

అనంతపద్మనాభం గారు తన చెప్పుల వైపు చూసుకున్నారు. అవి గడపకి తొమ్మిది అడుగుల లోపల ఉన్నాయి. ఆయన ముద్రకి మూత పెట్టారు. వెనక్కి తిరిగితే లోపలికి వచ్చినట్టు ఒప్పుకున్నట్టే అనుకున్నారో ఏమో, ఎదురుగా చూస్తూనే అడుగులు వెనక్కి వేసుకుంటూ గడప దాటారు.

"నేను లోపలికి రాలేదు," అన్నారు బయటినుంచి.

"రాలేదండి," అన్నాడు వెంకటరత్నం.

"రాలేదండీ!" అన్నారు పందొమ్మిది మంది, ఒక్క గొంతుతో.

కారు వెళ్ళిపోయింది. వెంకటరత్నం ఫైళ్ళ కట్ట చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగి, పిల్లల్ని చూసి తల ఊపి, సైకిలు మీద వెళ్ళిపోయాడు. సువర్చల కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, హాయిగా ఏడ్చింది. పిల్లలు ఏడుపు అయ్యేదాకా ఆగారు. టీచరు సంగతి వాళ్ళకి తెలుసు.

"టీచరండీ, మరి మనం తిరిగెప్పుడు వెళ్తామండీ?" అంది దీపిక.

"ఎనిమిదో తరగతి అయ్యాక."

"అప్పటిదాకా ముగ్గురం ఇక్కడేనాండీ?"

"ఇక్కడే. లెక్కల పుస్తకం తియ్యండి."

సత్తిపండు యథాప్రకారం పుస్తకం తేలేదు. షకీరా ఏమీ అనకుండా తన పుస్తకాన్ని బెంచీ మధ్యకి జరిపింది. ముగ్గురూ దాని మీదికి వంగారు.